వాన ముందు మోకాళ్లు సలపడం నిజమేనా? గాలి ఒత్తిడి పాత్ర ఎంత?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ అమ్మగారికి అరవై దాటాయి. రెండు మోకాళ్లూ అరిగాయని ఎక్స్‌రేలో తేలింది. మబ్బు పట్టకముందే "రేపు వాన, మోకాళ్లు అప్పుడే సలుపుతున్నాయి" అంటారు, చాలాసార్లు వాన పడుతుంది కూడా. మీ నాన్నగారేమో అదంతా భ్రమ అని కొట్టిపారేస్తారు. గాలి ఒత్తిడి తగ్గితే నిజంగా కీళ్లు నొప్పి పెడతాయా, అలాగైతే పొడి వాతావరణం ఉన్న ఊరికి మారిపోవాలా, వానాకాలంలో మందులు పెంచాలా అన్నది మీ సందేహం.

నేను ఫిజియోథెరపిస్టుని. మోకాళ్లు, తుంటి, నడుము నొప్పుల వాళ్లతోనే నా రోజు గడుస్తుంది. ముసురు పట్టిన వారంలో ఈ ప్రశ్న అడగని పేషెంటు అరుదు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. వాతావరణానికీ కీళ్ల నొప్పికీ సంబంధం ఉంది, కానీ అది చిన్నది, అందరిలోనూ ఒకేలా ఉండదు. అందులోనూ గాలి ఒత్తిడి ఒక్కదాని వాటా ఇంకా చిన్నది. ఊరు మారనక్కర్లేదు. ఆకాశం చూసి మందులు పెంచనక్కర్లేదు. మబ్బు పట్టిన రోజున అమ్మగారు పొద్దుట్నుంచి రాత్రి దాకా ఏం చేస్తున్నారో ఒక్కసారి గమనించండి. నా అనుభవంలో నొప్పి పెరగడానికి కారణం ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

ఇక వివరంగా.

సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి సగటున 1013 హెక్టోపాస్కల్‌లు ఉంటుంది (మిల్లీబార్లు అన్నా అదే లెక్క). మామూలు అల్పపీడనం వచ్చినప్పుడు ఇది ఓ 10, మహా అయితే 20 దాకా పడుతుంది. పెద్ద తుఫాను నేరుగా మీదుగా పోతే ఇంకా ఎక్కువ పడుతుంది గానీ అలాంటివి ఎప్పుడో గానీ రావు. ఈ 10 హెక్టోపాస్కల్‌లు అంటే ఎంతో తెలుసా? సముద్ర మట్టం దగ్గర్లో సుమారు ఎనిమిది మీటర్లు పైకి వెళ్తే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. అంటే లిఫ్టులో పాతిక అంతస్తులు ఎక్కితే అల్పపీడనం వచ్చినంత తేడా ఒక్క నిమిషంలో వచ్చేస్తుంది. విమానంలో అయితే చెప్పనే అక్కర్లేదు. లోపల ఒత్తిడి దాదాపు 1800 నుంచి 2400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, నేల మీదకన్నా 200కు పైగా తక్కువ. ఒత్తిడి తగ్గడమే నొప్పికి అసలు కారణమైతే విమానం దిగే ప్రతి కీళ్ల పేషెంటునూ కుర్చీలో తోసుకుని తేవాలి. విమానం దిగాక మోకాళ్లు పట్టేశాయని చెప్పేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ వాళ్లను కాస్త తరచి అడిగితే ఇరుకు సీట్లో కాళ్లు ముడుచుకుని గంటల తరబడి కదలకుండా కూర్చున్నామని చెబుతారు. నడవా పక్క సీటు తీసుకుని మధ్యమధ్య లేచి తిరిగినవాళ్లకు ఆ బాధ బాగా తగ్గుతుంది.

ఇంకో సంగతి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండే ప్రాంతాల్లో ఏ తుఫానూ లేకపోయినా గాలి ఒత్తిడి రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. పొద్దున పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగుకు తక్కువ, మళ్లీ రాత్రి పదికి ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. తేడా రెండు మూడు హెక్టోపాస్కల్‌లే అయినా గడియారం పెట్టినట్టు ప్రతిరోజూ జరుగుతుంది. దాన్ని పసిగట్టి చెప్పిన మోకాలు నాకు ఇంతవరకూ తగల్లేదు.

గాలి ఒత్తిడి తగ్గగానే కీలు లోపల అంతా ఉబ్బిపోయి నరాలను నొక్కుతుందని వీడియోల్లో చెబుతుంటారు. కొండ మీదికి వెళ్తున్నప్పుడు చిప్స్ ప్యాకెట్ ఉబ్బినట్టు అని బొమ్మ గీసి మరీ చూపిస్తారు. ప్యాకెట్‌లో ఉన్నది గాలి కాబట్టి ఉబ్బుతుంది. కీలులో ఉన్నది ద్రవం, మృదులాస్థి (ఎముకల కొనలను కప్పి ఉండే నున్నటి పొర), ఎముక. బయట ఒత్తిడి ఒక శాతం తగ్గితే ద్రవం ఉబ్బదు. బాగా అరిగిన కీళ్లలో, వెన్నుపూసల మధ్య డిస్కుల్లో కొందరికి కాస్త గ్యాస్ పేరుకుంటుంది, స్కాన్‌లో నల్లటి గీతలా కనిపిస్తుంది. అక్కడ కూడా ఒత్తిడి ఒక శాతం తగ్గితే పెరిగేది ఒక శాతమే.

మరి గాలి ఒత్తిడికి కీలుతో అసలు పనే లేదా అంటే, ఉంది. అది వేరే రకం. ఆరోగ్యంగా ఉన్న కీలు లోపల ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా కాస్త తక్కువగా ఉంటుంది. ఆ తేడా వల్ల రెండు ఎముకలూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు కుదురుగా ఉంటాయి. 1836లోనే జర్మనీలో వెబర్ సోదరులు దీన్ని చూపించారు. మృతదేహంలో తుంటి చుట్టూ ఉన్న కండరాలు కోసేసినా తొడ ఎముక తల గిన్నెలోంచి జారలేదు. గిన్నెకు చిన్న రంధ్రం చేసి గాలి లోపలికి పోనిచ్చాకే జారింది. అరిగిన మోకాలిలో నీరు చేరినప్పుడు ఈ ఏర్పాటు చెడుతుంది. లోపల ఒత్తిడి పెరిగి, కీలు చుట్టూ ఉండే తొడుగు సాగదీసినట్టయి, అందులోని నరాల కొనలు ముందే చిరాగ్గా ఉంటాయి. అలాంటి కీలుకు బయట ఏ చిన్న మార్పు వచ్చినా తెలిసే అవకాశం ఎక్కువ. వాపు, నీరు ఉన్న మోకాళ్లవాళ్లే వాతావరణం గురించి ఎక్కువగా చెప్పడం నేను గమనించాను. వాపు తగ్గాక ఆ ఫిర్యాదూ చాలావరకు తగ్గుతుంది. అందుకే "వాన వస్తే నొప్పి" అని ఎవరన్నా నేను మొదట చేసే పని మోకాలి చిప్ప పైనుంచి అరచేత్తో కిందికి నిమిరి, లోపల నీరు కదులుతోందా అని చూడటం.

మెదడు వైపు నుంచి కూడా ఒక దారి ఉంది. జపాన్‌లో సాటో జున్ అనే పరిశోధకుడి బృందం ఎలుకలతో చేసిన ప్రయోగాలు నాకు చాలా ఆసక్తిగా అనిపించాయి. కాలి నరం దెబ్బతిన్న ఎలుకలను ఒక గదిలో పెట్టి, తుఫాను ముందు పడేటంతగా, అంటే 27 హెక్టోపాస్కల్‌ల దాకా ఒత్తిడి తగ్గిస్తే వాటి నొప్పి పెరిగింది. లోపలి చెవిని పనిచేయకుండా చేసిన ఎలుకల్లో మాత్రం పెరగలేదు. అంటే ఒత్తిడి మార్పును పసిగట్టేది కీలు కాదు, చెవి లోపల ఒంటి తూకం చూసుకునే భాగం కావచ్చన్నమాట. అక్కడి నుంచి నాడీ వ్యవస్థ ఉద్రేకపడి, ఉన్న నొప్పికి ఇంకాస్త తోడవుతుంది. బస్సులో తల తిరిగేవాళ్లు, ముసురుకు తలనొప్పి వచ్చేవాళ్లు కీళ్ల గురించి కూడా ఎక్కువగా చెప్పడం నేను చూస్తుంటాను. ఇది రుజువు కాదు, గమనింపు మాత్రమే.

మనుషుల మీద చేసిన అధ్యయనాలు ఒక్క మాట మీద నిలబడవు. వాటిలో నాలుగైదు చెబుతాను, ఎందుకంటే ఇంట్లో వాదన తేలాలంటే ఇవి పనికొస్తాయి.

1960ల తొలినాళ్లలో అమెరికాలో హాలండర్ అనే డాక్టరు కీళ్ల పేషెంట్లను ఒత్తిడి, తేమ, వేడి అన్నీ అదుపులో ఉండే గదిలో ఉంచి చూశాడు. ఒత్తిడి ఒక్కటీ తగ్గిస్తే పెద్ద తేడా లేదు. తేమ ఒక్కటీ పెంచినా అంతే. తేమ పెరుగుతూ ఒత్తిడి తగ్గితే మాత్రం చాలామందికి నొప్పి, బిగువు పెరిగాయి. 2019లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు వెలువరించిన అధ్యయనం దీనికి దగ్గరగానే ఉంది. 2600 మందికి పైగా జనం రోజూ ఫోన్ యాప్‌లో తమ నొప్పి రాశారు, వాళ్లు ఉన్న చోటి వాతావరణం దానంతటదే జత అయింది. తేమ ఎక్కువగా ఉండి, గాలి జోరుగా వీస్తూ, ఒత్తిడి తక్కువగా ఉన్న రోజుల్లో నొప్పి వచ్చే అవకాశం మామూలు రోజు కన్నా దాదాపు 20 శాతం ఎక్కువ. ఈ 20 శాతం చూసి కంగారు పడకండి. మామూలు రోజున నూటికి ఐదు ఉన్న అవకాశం, అలాంటి చెడ్డ రోజున ఆరు అవుతుంది, అంతే. అది కూడా అన్నీ కలిసొచ్చిన రోజున. విడివిడిగా చూస్తే తేమదే పైచేయి.

ఇక ఇంకో వైపు. ఆస్ట్రేలియాలో దాదాపు వెయ్యి మంది నడుము నొప్పి పేషెంట్ల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో ఉష్ణోగ్రతకు, తేమకు, ఒత్తిడికి, వానకు నొప్పితో ఏ లంకే కనిపించలేదు. 2017లో అమెరికాలో వృద్ధులు డాక్టర్ల దగ్గరికి వెళ్లిన కోటికి పైగా సందర్భాలను జల్లెడ పట్టారు. కీళ్లు, నడుము నొప్పి కేసులు వాన పడిన రోజుల్లో 6.35 శాతం, పడని రోజుల్లో 6.39 శాతం. అంటే తేడా లేనట్టే. ఈ అంకెను పట్టుకుని "భ్రమ" అని తేల్చేయడం కూడా తొందరపాటే. వాన పడుతుంటే నొప్పి ఉన్నా ఎవరు బయల్దేరతారు? పైగా అపాయింట్‌మెంట్లు ముందే తీసుకుని ఉంటారు. ఇంకా విచిత్రం ఏమిటంటే, 2007లో అమెరికాలోనే మోకాళ్లు అరిగిన ఓ 200 మందిని గమనించిన అధ్యయనంలో చలి పెరిగితే నొప్పి కాస్త పెరిగింది సరే, ఒత్తిడి మాత్రం తగ్గినప్పుడు కాదు, పెరిగినప్పుడు నొప్పి ఎక్కువైంది! నిజంగా బలమైన లంకె ఉంటే ఇన్ని అధ్యయనాలు ఇలా ఎటు పడితే అటు లాగవు. చిన్నది కాబట్టే ఒక చోట చిక్కుతుంది, ఇంకో చోట చేజారుతుంది.

మరి అమ్మగారి జోస్యం ఎలా ఫలిస్తోంది అంటారా? కొంత నిజం, కొంత జ్ఞాపకం ఆడే ఆట. వాన పడటానికి చాలా గంటల ముందే తేమ, గాలి దిశ, ఒత్తిడి మారుతుంటాయి కాబట్టి ఒళ్లు ముందే గ్రహించడంలో వింత లేదు. కానీ వానాకాలంలో మూడు రోజుల్లో రెండు రోజులు వాన పడే చోట, రోజూ "రేపు వాన" అన్నా మూడింట రెండుసార్లు నిజమవుతుంది. ఫలించినవి గుర్తుంటాయి, తప్పినవి ఎవరికీ గుర్తుండవు. 1996లో రెడెల్‌మైయర్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్, అరుగుదల కాదు, ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు) ఉన్న 18 మందిని 15 నెలల పాటు గమనించారు. దాదాపు అందరూ వాతావరణమే కారణమని గట్టిగా నమ్మినవాళ్లే. లెక్క తీస్తే సంబంధం సున్నాకు దగ్గరగా వచ్చింది. అయినా నొప్పి మాత్రం నిజం. కారణం గురించి ఊహ తప్పు కావచ్చు గానీ, బాధ అబద్ధం కాదు. ఈ తేడా నాన్నగారికి చెప్పండి. "నీదంతా భ్రమ" అని పదే పదే అనిపించుకునేవాళ్లు అసలు నొప్పి వచ్చినప్పుడు కూడా చెప్పడం మానేస్తారు.

గాలి ఒత్తిడి కన్నా చలి గురించి నేను ఎక్కువ పట్టించుకుంటాను. మన ఒంటి వేడి 37 డిగ్రీలైతే మోకాలి కీలు లోపల 32, 33 డిగ్రీలే ఉంటుంది. అక్కడ చర్మానికి, ఎముకకు మధ్య కండ చాలా తక్కువ. చేతివేళ్లదీ అదే పరిస్థితి. చల్లగాలి తగిలితే ఇవే ముందు చల్లబడతాయి. జనం "గుజ్జు" అని పిలిచే కీలు ద్రవం చల్లబడితే చిక్కబడుతుంది, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, రక్తనాళాలు ముడుచుకుంటాయి. తేమ కూడా ఇందులో చేయి కలుపుతుంది. తడిసిన బట్ట ఒంటి వేడిని త్వరగా లాగేస్తుంది. ఉక్కపోత రాత్రుల్లో చెమట ఆరక నిద్ర పాడవుతుంది. నిద్ర సరిగా లేని మర్నాడు అదే నొప్పి రెండింతలు అనిపిస్తుంది, ఇది కీళ్లకే కాదు, ఏ నొప్పికైనా వర్తిస్తుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న విషయానికి వస్తాను.

నా దగ్గరికి వచ్చే ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు. ఆయన మోకాళ్ల నొప్పిని గ్రాఫ్ కాగితం మీద గీసి తెచ్చారు, వాన పడిన రోజులకు నీలి చుక్క, నొప్పి ఎక్కువైన రోజులకు ఎర్ర చుక్క. తన వాదన గెలిచిందని సంబరంగా చూపించారు. కాగితం దగ్గరగా పెట్టుకుని చూస్తే ఎర్ర చుక్కలు నీలి చుక్కల కింద లేవు, ఒక రోజు కుడి పక్కకు జరిగి ఉన్నాయి. అంటే వాన పడిన రోజున కాదు, మర్నాడు నొప్పి. వాన రోజున ఏం చేస్తారు మాస్టారూ అని అడిగాను. పొద్దుటి నడక ఉండదు, టీవీ ముందు కూర్చుంటాను, భోజనానికి లేస్తాను, మళ్లీ కూర్చుంటాను అన్నారు. లేచి చూపించమన్నాను. రెండు చేతులూ కుర్చీ మీద ఆన్చి, ఒళ్లంతా ముందుకు ఊపి, పళ్లు బిగబట్టి లేచారు. మొదటి నాలుగు అడుగులు కర్రలా పడ్డాయి, ఐదో అడుగు నుంచి మోకాలు వంగడం మొదలైంది. ఆ తర్వాతి ముసురుకు ఇంట్లోనే, హాలులో ఆ గోడ నుంచి ఈ గోడకు, గంటకోసారి ఐదు నిమిషాలు నడవమన్నాను. తర్వాత తెచ్చిన కాగితంలో నీలి చుక్కలు ఉన్నాయి గానీ, ఎర్రవి బాగా పలచబడ్డాయి. గాలి ఒత్తిడి మాత్రం ఎప్పట్లాగే పడింది.

దీనికి కారణం ఉంది. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదిలి, బరువు పడి లేచినప్పుడే దానికి పోషకాలు అందుతాయి. గంటల తరబడి కదలకపోతే కీలు బిగుసుకుంటుంది, తొడ కండరం మెత్తబడుతుంది, లేచినప్పుడు బరువంతా అరిగిన చోటే పడుతుంది. కాబట్టి నేను చెప్పేది ఇదే: వాన నేరుగా పెట్టే నొప్పి కొంచెం, వాన మనల్ని కూర్చోబెట్టి పెట్టే నొప్పి చాలా. మొదటిదాన్ని మనం మార్చలేం, రెండోదాన్ని మార్చగలం.

మీరు ఇంట్లో ఓ రెండు మూడు వారాలు ఇలా చేయండి. రాత్రి పడుకునే ముందు అమ్మగారే తన నొప్పికి 0 నుంచి 10 లోపు మార్కు వేసుకోవాలి. వాతావరణ వార్త చూడకముందే వేయాలి, లేకపోతే ఆ వార్తే మార్కు వేస్తుంది. పక్కనే రాత్రి ఎలా నిద్రపోయారు, నడిచారా లేదా, ఎంతసేపు కూర్చున్నారు, మాత్ర వేసుకున్నారా అనేవి రాయండి. వాన, తేమ, ఒత్తిడి వివరాలు వారం చివర మీరు విడిగా నింపండి. వాతావరణ యాప్‌లో చూపే ఒత్తిడిని సాధారణంగా సముద్ర మట్టానికి సరిచేసి ఇస్తారు, అందుకని అసలు అంకె కన్నా నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత మారిందో చూడండి. కొన్ని ఫోన్లలో ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉంటుంది గానీ మేడ ఎక్కినా దిగినా అంకె మారిపోతుంది కాబట్టి ఒకే చోట పెట్టి చూడాలి.

మబ్బు రోజుకు నేను నా పేషెంట్లకు చెప్పేవి ఇవి. మంచం దిగకముందే పాదాలను పైకీ కిందికీ ఓ ఇరవైసార్లు ఆడించి, మోకాళ్లను మెల్లగా పదిసార్లు ముడిచి చాపాలి. కుర్చీలో కూర్చుని ఒక కాలు నేరుగా చాచి, వేళ్లు తనవైపుకు లాక్కుని, ఐదు లెక్కపెట్టే దాకా ఆపి దించాలి, ఒక్కో కాలికి పదిసార్లు. ఇది తొడ ముందు కండరానికి. మోకాలికి దానంత నమ్మకమైన ఆసరా మరొకటి లేదు. అరగంటకు మించి ఒకే చోట కూర్చోకూడదు. బరువు ఎక్కువ ఉంటే కొద్దిగా తగ్గినా లాభమే. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి తేల్చారు.

కాపడం పదిహేను ఇరవై నిమిషాలు చాలు, నడకకు ముందు పెట్టుకుంటే ఇంకా మేలు. షుగర్ ఉండి పాదాలు, కాళ్లు తిమ్మిరిగా ఉండేవాళ్లు జాగ్రత్త, వేడి తెలియక చర్మం కాలిపోతుంది. పక్కవాళ్లు ముంజేతి మీద పెట్టి చూసి ఇవ్వాలి. కీలు ఎర్రగా, వేడిగా, ఉబ్బి ఉంటే వేడి పెట్టకూడదు. బట్టలో చుట్టిన ఐస్ పెట్టుకోవచ్చు. మోకాలికి వేసుకునే క్యాప్ వెచ్చదనానికి, ధైర్యానికి పనికొస్తుంది, కానీ బిగుతుగా ఉన్నది వేసుకుని రాత్రంతా పడుకోవద్దు.

ఇంకో మాట. తడి నేల మీద జారి పడటం గాలి ఒత్తిడి కన్నా వెయ్యి రెట్లు ప్రమాదం. నొప్పి భయంతో కాలు ఈడ్చి నడిచేవాళ్లు ఇంకా త్వరగా జారతారు. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ, అరిగిపోని చెప్పులు, ఈ రెండూ చూసుకుంటే అమ్మగారికి నా పెద్ద వ్యాసం కన్నా ఎక్కువ మేలు.

మందుల విషయంలో నా పరిధి కొంత, మిగతాది మీ డాక్టరుది. వాన వస్తుందని ముందుజాగ్రత్తగా నొప్పి మాత్రలు వేసుకోవడం మాత్రం వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పొట్టను, కిడ్నీలను, బీపీని ఇబ్బంది పెడతాయి, ఈ వయసులో మరీ. మోకాళ్లకైతే పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ ముందు ప్రయత్నించదగింది. ఒంట్లోకి వెళ్లేది తక్కువ. డాక్టరు రాసిచ్చిన మందులు ఏవైనా సరే, ఎండాకాలం వచ్చింది, నొప్పి లేదు అని మీకు మీరు ఆపేయకండి.

నొప్పిని వాతావరణం మీద నెట్టేయకూడని సందర్భాలు చెప్పాలి, ఇది ముఖ్యం. ఒకావిడ చాలాకాలం పాటు చేతివేళ్ల నొప్పిని "ముసురు నొప్పి" అనుకుంటూ వచ్చింది. నా దగ్గరికి వచ్చింది మెడనొప్పికి. మాటల్లో ఉంగరం తీయలేకపోతున్నానని, పొద్దున్నే తడిబట్ట పిండాలంటే ఏడుపొస్తోందని చెప్పింది. గుప్పిట మొదలు దగ్గర వేళ్ల కణుపులన్నీ కలిపి మెల్లగా నొక్కితే చేయి లాగేసుకుంది. పొద్దున బిగువు విడటానికి గంటకు పైగా పడుతోందట. అరుగుదల వల్ల వచ్చే బిగువు సాధారణంగా అరగంట లోపే విడుతుంది. రుమటాలజిస్టు (కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే డాక్టరు) దగ్గరికి పంపితే అది కీళ్లవాతమని తేలింది. ఆ జబ్బులో మొదటి కొన్ని నెలల్లోనే మందు పడితే కీళ్లు దక్కుతాయి. ఆమె వానను నిందిస్తూ గడిపిన కాలంలో రెండు వేళ్లు వంకర తిరగడం మొదలైపోయింది.

అలాగే బొటనవేలి మొదట్లో రాత్రికి రాత్రి భరించలేని పోటు, ఎరుపు వస్తే అది గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే జబ్బు) కావచ్చు. దాని పద్ధతే వేరు. ఒంట్లో నీరు తగ్గే వేడి, పొడి రోజుల్లో కూడా అది విజృంభిస్తుంది. ఒక కీలు ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, జ్వరం వస్తే ఏ యాప్‌లూ చూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కీలులో ఇన్ఫెక్షన్ అయితే గంటలే లెక్క. పడిన తర్వాత కాలు మోపలేకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నొప్పికి నిద్రలోంచి మేలుకోవడం, ఇవి కూడా వాన ఖాతాలో వేయకండి.

చివరగా ఊరు మారడం. 1995లో అమెరికాలో నాలుగు నగరాల్లో దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లను అడిగారు. ఏడాదంతా ఆహ్లాదంగా ఉండే శాన్‌డియాగోలోనే వాతావరణం వల్ల నొప్పి పెరుగుతోందని ఎక్కువమంది చెప్పారు! చలి గడ్డకట్టించే బోస్టన్ వాళ్ల కన్నా ఎక్కువ. ఒళ్లు ఉన్నచోటికి అలవాటు పడి, అక్కడి చిన్న మార్పునే పెద్దదిగా లెక్కగట్టుకుంటుంది. పొడి ఊరికి రెండు వారాలు వెళ్లినప్పుడు హాయిగా అనిపించడంలో సెలవు, నిద్ర, సరదాగా తిరగడం వీటి వాటా ఎక్కువ. అక్కడే కాపురం పెడితే ఆ హాయి నిలుస్తుందన్న భరోసా లేదు. తెలిసిన డాక్టరు, రోజూ కలిసి నడిచే స్నేహితులు మాత్రం దూరమవుతారు. వేరే కారణాలుండి మారాలనుకుంటే మారండి, మోకాళ్ల కోసమే అయితే ఆ డబ్బు, శ్రమ దండగ.

అమ్మగారికి మోకాలిలో వాపు ఉందా, పొద్దున బిగువు ఎంతసేపు ఉంటోంది, మెట్లు ఎక్కేటప్పుడు నొప్పా దిగేటప్పుడా, షుగర్, బీపీ, కిడ్నీ సమస్యలు ఏమైనా ఉన్నాయా? ఇవి రాస్తే ఏ వ్యాయామంతో మొదలుపెట్టాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను. పైన చెప్పిన పట్టిక పూర్తయితే దాని ఫోటో కూడా పెట్టండి, ఎర్ర చుక్కలు ఎటు జరిగాయో కలిసి చూద్దాం.